తలుపు వైపు మరక

"దిండు గలీబుకి ఈ నీలం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పెద్దావిడ గలీబును రెండు చేతులా విప్పి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. తెల్లటి గలీబు. దాని ఒక మూల, అరచెయ్యంత మేర, లేత నీలం పాకి ఉంది.

కోడలు స్టవ్ దగ్గర నుంచి తల తిప్పి చూసి, మళ్ళీ గిన్నె వైపు తిరిగింది.

"తెలీదత్తయ్యా."

"తెలీదంటే? మెషీన్లో బట్టలు వేసేది నువ్వు. నీ కొత్త జీన్స్ ప్యాంటూ నా గలీబూ కలిపి పడేశావు. రంగుబట్టలు విడిగా ఉతకమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"ప్యాంటు విడిగానే నానబెట్టానండీ, బకెట్లో."

"మరి గలీబు దానంతటదే నీలం తాగిందా?"

"మెషీన్లో అంటుకుంటే మొత్తం అంటాలి కదా. ఒక్క మూలకే ఎందుకంటుతుంది?"

"అడిగినదానికి జవాబు లేదు గానీ ఎదురు ప్రశ్నలకేం కొదవ లేదు."

బల్ల దగ్గర పేపరు వెనకనుంచి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "జడ్జిగారు పొద్దున్నే కోర్టు తెరిచినట్టున్నారు."

ఇంట్లో ఆవిడకి ఆ పేరు పెట్టింది ఆయనే. ఏ తగవు వచ్చినా ఆవిడ నోట తీర్పు పడేదాకా ఎవరూ కదలకూడదు. పడ్డాక కదిలీ లాభం లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తీరిక లేక దాచుకున్న వేళాకోళమంతా ఆయన రిటైరయ్యాక తీసి ఖర్చు పెడుతున్నాడు.

"మీరు పేపరు చదువుకోండి."

"చదువుతూనే ఉన్నా. ఇందులోనూ ఇలాంటి కేసే వేశారు. కాకపోతే అక్కడ సాక్షుల్ని కూడా పిలిచార్ట."

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఒక్క గలీబు కోసం ఇంత రభసా? కొత్తది కొంటే పోతుంది."

"కొత్తవి కొనడం వచ్చు మీకు. ఉన్నవాటిని చూసుకోవడం రాదు."

ఆవిడ గలీబును మడతపెట్టింది. నీలం మూల పైకి కనపడేలా మడతపెట్టి, కోడలు రోజూ కూర్చునే కుర్చీలో ఉంచింది. కోడలు టిఫిను పళ్ళెం తెచ్చుకుని, గలీబును పక్క కుర్చీలోకి జరిపి, కూర్చుని తింది.

ఆ గురువారం గొడవ అక్కడితో ఆగిపోవలసింది. సాయంత్రం దాకా ఆగింది కూడా.

వాళ్ళ కారు లోపలి సీట్లు మీగడ రంగు లెదర్. కొనే రోజున కోడలు ముదురు రంగు తీసుకుందామంది. అందుకనే పెద్దావిడ మీగడ రంగు కావాలంది. డ్రైవరు పక్క సీటు ఆవిడది. ఎవరూ ఇవ్వలేదు. కారు ఇంటికొచ్చిన రోజున వెళ్ళి కూర్చుంది, అంతే. రోజూ సాయంత్రం కొడుకు ఆఫీసు బస్సు దిగి రాగానే ఆవిణ్ణి ఊరి చివర పెద్ద రోడ్డు దాకా తిప్పుకొస్తాడు. ఆ కాసేపటి కోసం ఆవిడ మధ్యాహ్నం నుంచే తల దువ్వుకుని, సంచి భుజాన తగిలించుకుని సిద్ధంగా ఉంటుంది.

ఆ రోజు తలుపు తీసేసరికి వాలుపొద్దు ఎండ ఏటవాలుగా సీటు మీద పడింది. తలుపు వైపు, సీటు అంచు ఉబ్బెత్తుగా లేచే చోట, నీలం. అంచు నుంచి లోపలికి గుండ్రంగా తిరిగి, మధ్యలో ముదురుగా, చివర్లకి పలచగా ఉంది. వీపు ఆనే చోట కూడా సన్నటి గీత ఒకటి పైనుంచి కిందికి జారింది.

"అందరూ ఇటు రండి!"

అందరూ వచ్చారు. పెద్దాయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు.

"ప్యాంటు వేసుకుని ఈ సీట్లో ఎవరు కూర్చున్నారు?"

"నేను కూర్చున్నాను," అంది కోడలు. "ఆయన నాకు డ్రైవింగు నేర్పేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు. కానీ నడిపేది ఆ సీట్లో కూర్చునే కదండీ. ఎక్కువసేపు ఉండేది అందులోనే. మరి దానికేం అంటలేదే?"

ముగ్గురూ డ్రైవరు సీటు వైపు చూశారు. అది మీగడలాగే ఉంది. పెద్దావిడ మాత్రం అటు చూడలేదు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందట. నేను నీ పేరెత్తానా?"

"ప్యాంట్లు నేనూ వేసుకుంటాను," అన్నాడు పెద్దాయన. "నన్ను కూడా బోనెక్కించండి."

"పొద్దున గలీబు. ఇప్పుడు సీటు. రేపు గోడలు," అని ఆవిడ కొడుకు చేతిలోంచి తాళం తీసుకుంది. కారు అమ్మినవాళ్ళు ముచ్చటగా తెల్ల రిబ్బను ముక్క కట్టి ఇచ్చిన తాళం అది. దాన్ని సంచిలో పడేసి, సంచి మూతి దగ్గరికి లాగింది. "ఈ మరక పోయేదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. నాకు చూపించి తీసుకోండి."

కోడలి మొహం మారింది. "సోమవారం నేను డ్యూటీలో చేరాలండీ."

ఆ సంగతి అందరికీ తెలుసు. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. తెల్లవారుతూనే మొదలయ్యే షిఫ్టు. ఆ వేళకి బస్సులుండవు. కొడుకు ఆఫీసు బస్సులో వెళ్తాడు గనక కారు ఊరికే పడి ఉంటుంది, అది కోడలు తీసుకెళ్ళాలి అని బల్ల దగ్గర అనుకున్నారు. అనుకున్నప్పుడు పెద్దావిడ అవుననలేదు, కాదనలేదు.

"సోమవారానికి ఇంకా టైముంది కదా," అన్నాడు కొడుకు భార్యతో. "తుడిస్తే పోతుంది. అమ్మ చెప్పినదాంట్లో తప్పేముంది? కొత్త కారు."

మర్నాడు కొడుకు ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి కారును సీట్లు కుట్టే షాపుకి తీసుకెళ్ళాడు. పెద్దావిడ మరక మీద దుప్పటి మడత వేయించుకుని తన సీట్లోనే కూర్చుంది. కోడలు వెనక కూర్చుంది.

షాపులో విప్పిన సీట్లు స్పాంజి బయటపెట్టుకుని గోడలకి చేరగిలబడి ఉన్నాయి. కుట్టేవాడు పళ్ళ మధ్య దారం కరుచుకుని వచ్చాడు. కారులోకి వంగి, బొటనవేలితో మరకను ఒకసారి నిమిరి, దారం తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"లేత రంగు సీట్లు కొనేటప్పుడు నన్నడిగారా?"

"పోతుందా, పోదా? అది చెప్పు బాబూ," అంది పెద్దావిడ.

"ఇక్కడ మీరు చూస్తున్నది లెదర్ కాదమ్మగారూ. లెదర్ మీద వేసిన రంగుపూత. బట్ట రంగు ఆ పూతలోకి దిగింది. మెల్లగా తీస్తే మరక వస్తుంది. తొందరపడితే పూత వస్తుంది. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవడమే. వచ్చేవారం దాకా నాకైతే ఖాళీ లేదు. మీరే చేసుకోండి." లోపలికెళ్ళి ఒక సీసా, మెత్తటి బ్రష్షు తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. "నురుగు బ్రష్షు మీద వెయ్యాలి, సీటు మీద కాదు. రుద్దిన చోట ఆరనివ్వకుండా తుడిచెయ్యాలి. కాసేపు వదిలెయ్యాలి, మళ్ళీ చెయ్యాలి. ముందు సీటు కింద ఎవరికీ కనపడని చోట చేసి చూడండి. స్పిరిటు, గోళ్ళరంగు రిమూవరు, పళ్ళ పేస్టు, ఫోన్లో చూపించే వెర్రివేషాలేవీ వద్దు."

"ఇది జీన్స్ ప్యాంటుదేనంటారా?" అన్నాడు కొడుకు.

"నాకెలా తెలుస్తుంది? ముదురు రంగు కొత్త బట్ట. ఉతకనిది. దానికి చెమటా, వత్తిడీ తోడైతే చాలు. రోజూ ఒకేచోట ఒత్తుకుంటే ఇంత ముదురుతుంది."

"రోజూనా?" అంది కోడలు.

"ఏం, ఒక్కసారి కూర్చుంటే అంటదా?" అంది పెద్దావిడ.

"అంటొచ్చు. ఇంత అంటదు."

'అంటొచ్చు' అన్నమాట దగ్గరే ఆవిడ తల పంకించి, పద పదమని కొడుకుని తొందర పెట్టింది. దారి పొడుగునా సంచిని తొడకీ తలుపుకీ మధ్య దోపుకుని, మోచేత్తో నొక్కిపట్టి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం కోడలు పోర్టికోలో కారు తలుపు బార్లా తీసి, మెట్టు మీద గోనెపట్టా పరుచుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్దాయన పాత బనీన్లు చించి ముక్కలు చేసుకుంది. ముందు పొడిగుడ్డతో దుమ్ము తీసింది. తర్వాత సీటు కింద, అది జరిగే ఇనప పట్టాలకి ఆనుకున్న చోట నురుగు రాసి, తుడిచి, గుడ్డను వెలుగులోకి తెచ్చి చూసింది. మీగడ రంగు ఏమీ రాలేదు. అప్పుడు మరక దగ్గరికి వచ్చింది. ఎడమచెయ్యి చాపి సీటు చర్మాన్ని సాగకుండా పట్టుకుని, కుడిచేత్తో చిన్న చిన్న సున్నాలు చుట్టింది. పసిపిల్ల తల రుద్దినంత మెత్తగా. నురుగు నీలంగా మారగానే బనీను ముక్కతో ఒక్క వైపుకి తుడిచింది.

పెద్దావిడ స్టూలు తెప్పించుకుని ఎదురుగా కూర్చుంది. సంచి ఒళ్ళో ఉంది.

"ఇంకాస్త గట్టిగా రుద్దు. అన్నం తినలేదా?"

"గట్టిగా వద్దన్నాడు కదండీ."

"వాడికేం, వాడి సీటా, వాడి కారా?"

కోడలు తుడిచిన గుడ్డముక్కను మెట్టు మీద ఆరేసింది. రెండోది దాని పక్కన. మూడోది దాని పక్కన. నీలం ఒకదాని కంటే ఒకదాని మీద పలచగా.

"ఎందుకలా పరుస్తున్నావు? ఎవరికి చూపించాలని?"

"మీకే. పోతోందో లేదో చూస్తానన్నారు కదా."

పెద్దావిడ చూసింది. చూడనట్టు మొహం తిప్పుకుంది. మళ్ళీ అందుకుంది.

"ఇప్పుడీ ఉద్యోగం అంత అవసరమా?"

"అవసరమేనండీ."

"ఎవరికి?"

"నాకు."

అంతకు మించి ఏమైనా అంటుందేమో, అంటే పట్టుకుందామని పెద్దావిడ కాసుకుని కూర్చుంది. కోడలు సీసా ఊపి, బ్రష్షు మీద నురుగు వేసుకుంది.

శనివారం కూడా అంతే. పొద్దున ఒకసారి, పనులు తెమిలాక ఒకసారి. మోకాళ్ళ కింద గోనెపట్టా నలిగిపోయింది. కోడలి చూపుడువేలు చివర చర్మం తడికి ముడుచుకుపోయింది. మరక మాత్రం మాట వింటోంది. మధ్యలోని ముదురు రంగు విడిపోయింది. వీపు ఆనే చోటి గీత చెరిగిపోవచ్చింది.

"ముందే చెబుతున్నా," అంది పెద్దావిడ స్టూలు మీది నుంచి, "కొంచెం ఉన్నా ఒప్పుకోను."

"ఒప్పుకోవద్దు లెండి." కోడలు వెనక్కి వాలి, మోచేతితో నుదురు తుడుచుకుంది. ఆమె చూపు పెద్దావిడ ఒళ్ళోకి వెళ్ళి ఆగింది. "అత్తయ్యా, ఆ సంచి ఒకసారి ఇస్తే ఉతికి పెడతాను."

"ఇప్పుడు సంచి గొడవెందుకు?"

"అడుగున మాసినట్టుంది."

అది పెద్దావిడ ఈమధ్యే సొంతంగా కుట్టుకున్న సంచి. ముదురు నీలం మందపాటి బట్ట. బరువవుతుందని లోపల వేరే గుడ్డ కూడా వేయలేదు. మూలలు కోసుగా ఉంటే దుమ్ము పట్టుకుంటుందని అడుగు గుండ్రంగా తిప్పి కుట్టింది. బీరువా తాళాలు, మాత్రలు, తడి చేతిరుమాలు అన్నీ అందులోనే. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు, ఒక్క కోడలు తప్ప.

"నా సంచి జోలికి రాకు. ఉతికితే రంగు పోతుంది."

కోడలి చేతిలో బ్రష్షు ఆగింది. ఏదో అనబోయింది. పెదవి ఒక పక్కకి లాగి, అనకుండానే వంగి మళ్ళీ సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది.

ఆ పెదవి పెద్దావిడకి నచ్చలేదు. లోపలికొచ్చి పెద్దాయనతో అంది. "మనసులో ఏదో పెట్టుకుంది. నవ్వుతోంది నన్ను చూసి."

"నవ్వడానికి కూడా పర్మిషను కావాలని ముందే చెప్పాల్సింది."

సాయంత్రం కొడుకు వచ్చి తల లోపలికి పెట్టి చూశాడు. పాలగిన్నెలో ఒక్క సిరాచుక్క పడితే ఎంతో అంత మిగిలింది. "దాదాపు పోయిందే! రేపు ఇంకో రెండుసార్లు చేస్తే అసలు తెలీదు," అన్నాడు సంబరంగా. కోడలు చేతులు తుడుచుకుంటూ, ఆ వారంలో మొదటిసారి, పళ్ళు కనపడేలా నవ్వింది. తర్వాత గదిలోకెళ్ళి సోమవారానికి తెల్లకోటు బీరువాలోంచి తీసి కొక్కేనికి తగిలించింది.

పెద్దావిడ ఆ కోటును హాల్లోంచే చూసింది.

ఆదివారం పొద్దున కొడుకు స్నానానికి వెళ్ళాడు. కోడలు లోపలి గదిలో కోటు ఇస్త్రీ చేస్తోంది. పెద్దాయన పేపరు బొమ్మల పేజీకి వచ్చాడు. పెద్దావిడ తాళం తీసుకుని పోర్టికోలోకి వెళ్ళింది. నీలం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమో తన కళ్ళతో చూడాలి. మిగిలి ఉంటుంది. అంత తేలిగ్గా ఎలా పోతుంది?

వంగి చూస్తే నడుము పట్టేసింది. సీట్లో కూర్చుంది. అలవాటు కొద్దీ సంచిని తొడకీ తలుపుకీ మధ్య దోపి, మోచేత్తో నొక్కింది. నొక్కి, కిందికి చూసింది.

మరక లేదు.

సంచి తీసింది. మరక ఉంది. లేతగా, అడుగు గుండ్రంగా తిరిగి ఉంది. సంచి మళ్ళీ పెట్టింది. లేదు. అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది. ఆ గుండ్రం ఎవరు కత్తిరించారో ఆవిడ వేళ్ళకి తెలుసు. వీపు వెనక, గీత ఉన్న చోట, సంచి పట్టీ జారి ఆనుతోంది.

రాత్రిళ్ళు సంచి తలగడ పక్కనే ఉంటుంది. తాళాలుంటాయి గనక. తలగడకి ఒక మూలనే.

భుజం మీది పట్టీని తడుముకుంటున్న తన చెయ్యి తనకే కనపడింది. చప్పున దించేసింది.

ముందు వచ్చింది బాధ కాదు, కోపం. 'ఆ సంచి ఇస్తే ఉతికి పెడతాను.' అది సేవ కాదు. దానికి తెలుసు. నిన్ననే తెలుసు. తెలిసి కూడా అనలేదు. తెలిసి, మోకాళ్ళ మీద కూర్చుని, నా సంచి మరకని నా ఎదురుగా తుడిచింది. నేను స్టూలేసుకుని కూర్చుని ఇంకా గట్టిగా రుద్దమన్నాను. ఇవాళ మిగిలింది కూడా తుడిచేసి, తాళం కోసం చెయ్యి చాపి, మళ్ళీ ఆ పెదవి లాగుతుంది. జీవితాంతం లాగుతుంది.

ఇంకెవరూ చూడకముందే ఆ గుండ్రం పోవాలి. కోడలి చేత్తో మాత్రం పోకూడదు.

ఆవిడ లోపలికి వచ్చింది. ఇస్త్రీపెట్టె చప్పుడు వినిపిస్తోంది. కొడుకు గదిలో అద్దం ముందున్న గోళ్ళరంగు రిమూవరు సీసా, దాని పక్కన దూది తీసుకుంది. పోర్టికోకి వచ్చి దూది తడిపి మరక మీద అద్దింది.

నీలం ఒక్కసారిగా లేచి దూదిలోకి వచ్చింది. 'ఇంతేనా! దీనికి రెండు రోజులు ఆడింది నాటకం,' అనుకుంది. ఇంకో దూది. గట్టిగా. గుండ్రం ఒక వైపు మాయమైంది. ఇంకో దూది. ఈసారి దూది తిప్పి చూస్తే నీలం కాదు. మీగడ రంగు.

చెయ్యి ఆగింది. సీటు మీద అరచెయ్యంత మేర పూత ముడతలు పడి లేచింది. కింద బూడిదరంగు, గరుకు, పిల్లి నాకినట్టు. ఊదింది. కొంగు పెట్టి అద్దింది. జిగురుగా కొంగుకి అంటుకుని ఇంకొంచెం వచ్చింది. కారంతా ఘాటు వాసన. ఆవిడ దూదిముక్కలన్నీ ఏరి సంచిలో కుక్కుకుని, తలుపు మూసేసింది. సీసా ఎక్కడిదక్కడ పెట్టేసింది. మొహం కూడా కడుక్కుంది.

మధ్యాహ్నం బల్ల మీద కంచాలు పెట్టారు. కొడుకు కళ్ళజోడు కారులో ఉందని తాళం అడిగాడు. తల్లి చేతికి దొరికింది దొరికినట్టు తీసిచ్చింది. వెళ్ళినవాడు వెంటనే తిరిగొచ్చాడు. తాళం తల్లి చేతికిచ్చేసి, కూర్చోకుండానే భార్య మీదికి వచ్చాడు.

"ఏం పోశావు దాని మీద?"

"దేని మీద?" కోడలు అన్నం గిన్నె దించి అంది.

"నటించకు. కారంతా నీ రిమూవరు వాసన! పూతంతా ఊడగొట్టి పెట్టావు. వద్దని వాడు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడా లేదా? ఒక్క పూట ఆగలేకపోయావా తాళం కోసం?"

కోడలు గదిలోకి వెళ్ళింది. సీసా తెచ్చి, కిటికీ వైపు ఎత్తి చూసింది. సగం కూడా లేదు. దాన్ని తెచ్చి కూర గిన్నె పక్కన పెట్టి కూర్చుంది.

"నేను పోయలేదు."

ఒక్కసారే అంది. అత్తగారి వైపు చూడలేదు.

"మరి నాన్న పోశాడా?"

"నా గోళ్ళకి రంగెయ్యడం మానేశానురా," అన్నాడు పెద్దాయన. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయనా కళ్ళు దించుకున్నాడు. దించుకునే ముందు ఒకసారి భార్యను చూశాడు.

"ఇక తాళం సంగతి మర్చిపో," అన్నాడు కొడుకు, కుర్చీ లాక్కుంటూ. "ల్యాబు వాళ్ళకి ఫోన్ చేసి రాలేనని చెప్పు. ఒక్క సీటును చూసుకోలేనిదానివి కారేం చూసుకుంటావు?"

"ఫోన్ చెయ్యను. నడిచి వెళ్తాను."

"అంత దూరమా? చీకట్లోనా?"

"మీకెందుకు? కారు జాగ్రత్తగా ఉంటుంది కదా."

పెద్దావిడ కంచంలో అన్నం కలిపింది. తీర్పు పడిపోయింది. తను నోరు విప్పక్కర్లేకుండా, తనకి కావలసినట్టే పడింది. ముద్ద ఎత్తింది. వేళ్ళు నోటి దగ్గరికి రాగానే ఘాటు వాసన తగిలింది. సబ్బుతో రెండుసార్లు కడిగిన చెయ్యి అది. ముద్ద కంచంలో పెట్టేసింది. మళ్ళీ ఎత్తింది. అదే వాసన.

ఎదురుగా కోడలు తింటోంది. తల ఎత్తకుండా, రేపు చాలా దూరం నడవాల్సినవాళ్ళు తిన్నట్టు తింటోంది.

"మరక నాది," అంది పెద్దావిడ.

కొడుకు తల తిప్పాడు. అతని గొంతు మెత్తబడింది. "అమ్మా, దాన్ని వెనకేసుకు రాకు. నీ మంచితనం చూసుకునే దానికింత అలుసు."

పెద్దాయన నీళ్ళగ్లాసు ఎత్తినవాడల్లా తాగకుండా ఆగాడు.

ఇంకొక్క మాట అనకపోతే చాలు. చేసిందంతా కోడలి ఖాతాలో ఉండిపోయి, మంచితనం కూడా తనకి మిగులుతుంది. అప్పుడు కోడలు తల ఎత్తింది. ఆ రోజు మొదటిసారి సూటిగా అత్తగారి మొహంలోకి చూసింది. బతిమాలుతున్న చూపు కాదు. అదీ తీసుకుంటారా, తీసుకోండి, అన్నట్టు ఉంది.

పెద్దావిడ కుర్చీ కొమ్ముకి వేలాడుతున్న సంచిలో ఎడమచెయ్యి పెట్టి తాళం బయటికి తీసింది. దాంతోపాటు దూదిముక్క ఒకటి జారి బల్ల మీద పడింది. తాళం కోడలి కంచం పక్కన పెట్టింది. తెల్ల రిబ్బను ఇప్పుడు తెల్లగా లేదు. తడి రుమాలుతో పాటు ఇన్ని రోజులు ఆ సంచిలో నలిగి, గలీబు మూల లాగే నీలం తాగింది.

అందరూ రిబ్బనునే చూశారు.

"వెనకేసుకు రావడం కాదు," అంది పెద్దావిడ. గొంతు ఎప్పటిలాగే కటువుగా ఉంది. "ఈ సంచి అంటించిన మరక. మందు పోసింది కూడా నేనే. ఎందుకని నన్నెవరూ అడగద్దు. రేపటి నుంచి కారు కోడలు తీసుకెళ్తుంది. రోజూ. ఆ సీటుకి మళ్ళీ రంగు వేయించడానికి వీల్లేదు. అలాగే ఉంటుంది. దాంట్లో నేనే కూర్చుంటాను. అందరూ చూస్తే చూడనీ."

కొడుకు తల్లినీ దూదినీ మార్చి మార్చి చూశాడు. భార్య వైపు తిరిగాడు. ఆమె అతని వైపు తిరగలేదు.

"అప్పీలుందా?" అన్నాడు పెద్దాయన మెల్లగా.

"లేదు. తినండి."

కోడలు ఎడమచేత్తో తాళం అందుకుంది. రిబ్బను చివర బొటనవేలితో రుద్దింది. వేలికి నీలం అంటుకుంది. మొహంలో నవ్వు లేదు, క్షమాపణ అందుకున్న జాడ లేదు. తాళాన్ని జేబులో వేసుకుని చెయ్యి చాపింది.

"సంచి ఇవ్వండత్తయ్యా."

పెద్దావిడ సంచి ఒళ్ళోకి తీసుకుంది. బీరువా తాళాలు, మాత్రలు, రుమాలు, మిగిలిన దూది ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. రుమాలు కూడా నీలమే. ఖాళీ సంచిని బల్ల మీదుగా అందించింది.

"రంగు పోతుందేమో," అంది, ఉండబట్టలేక.

"పోవాల్సిందే," అంది కోడలు. "విడిగా నానబెడతాలెండి. మీ గలీబులతో కలపను."